బిగిసిన మచ్చను విప్పడం: కాలిన గాయాల అనంతర శస్త్రచికిత్స చరిత్ర

నిప్పు వల్ల గాని, మరిగే నీళ్ల వల్ల గాని చర్మం లోతుగా కాలినప్పుడు గాయం మానడంతో బాధ ముగియదు. చాలామందికి అసలు వైకల్యం గాయం మానిన తరువాతే మొదలవుతుంది. చర్మం పైభాగం మాత్రమే కాలితే, కింద మిగిలిన వెంట్రుకల కుదుళ్ల నుంచి, స్వేద గ్రంథుల నుంచి కొత్త చర్మం అల్లుకుంటుంది. మందమంతా కాలిపోయిన చోట అలా అల్లుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి, శరీరం గాయపు అంచులను లోపలికి లాక్కుని, మిగిలిన ఖాళీని గట్టి మచ్చ కణజాలంతో పూడ్చుకుంటుంది. ఈ లాగుడు వీపు మీదో తొడ మీదో జరిగితే నష్టం తక్కువే. మెడ, చంక, మోచేతి మడత, వేళ్లు, కనురెప్పలు వంటి కదిలే చోట్ల జరిగితే మాత్రం గడ్డం రొమ్ముకు అతుక్కుపోతుంది, చేయి పక్కటెముకలను విడిచి పైకి లేవదు, వేళ్లు ముడుచుకుపోతాయి, కింది రెప్ప బయటికి తిరగబడి కన్ను మూతపడదు. వైద్యులు కాంట్రాక్చర్ అని పిలిచే ఈ మచ్చ బిగింపును విప్పడానికి సాగిన ప్రయత్నాలకు నాలుగు వందల ఏళ్ల లిఖిత చరిత్ర ఉంది.

ఈ బిగింపుకు కారణమైన కణాలను 1971లో జెనీవాకు చెందిన గాబ్బియానీ, ఆయన సహచరులు గుర్తించారు. మచ్చ కణజాలాన్ని తయారు చేసే కణాలలో కొన్ని కండర కణాల వలె ముడుచుకునే శక్తిని సంతరించుకుని, తమ చుట్టూ ఉన్న నారలను పట్టి లాగుతాయని వారు చూపారు. ఆ కణాలకు మయోఫైబ్రోబ్లాస్టులని పేరు. చిన్న గాయాన్ని త్వరగా మూసి ప్రాణం కాపాడే ఏర్పాటే పెద్ద గాయంలో కీళ్లను కట్టిపడేస్తున్నదన్నమాట. దీనికి రోగి బాధ కూడా తోడవుతుంది. కాలిన మనిషి నొప్పి తగ్గేలా మెడ వంచి, మోచేయి మడిచి, చేతిని ఒంటికి దగ్గరగా పెట్టుకుంటాడు. హాయిగా అనిపించిన ఆ భంగిమలోనే మచ్చ గట్టిపడుతుంది. మచ్చ పక్వమై మెత్తబడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఆ కాలమంతా లాగుడు ఆగదు. పసిపిల్లల విషయంలో చిక్కు మరింత పెద్దది. ఎముకలు పెరుగుతూ పోతాయి గాని మచ్చ వాటితో సమంగా పెరగదు కనుక, అయిదేళ్ల వయసులో స్వల్పంగా కనిపించిన బిగింపు పన్నెండేళ్లు వచ్చేసరికి చేతిని పనికిరాకుండా చేయగలదు.

ప్రాచీన భారతీయ వైద్యానికి కాలిన గాయాల గురించి లోతైన అవగాహన ఉండేది. సుశ్రుత సంహిత కాలిన లోతును బట్టి ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు విధాలుగా విభజించింది. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతిని కూడా అదే గ్రంథం వివరించింది. ఈ రెండు జ్ఞానాలు పక్కపక్కనే ఉన్నా, ముక్కుకు వాడిన చర్మాన్ని కాలిన మచ్చను విప్పడానికి కూడా వాడవచ్చునన్న ఆలోచన రావడానికి చాలా శతాబ్దాలు పట్టింది. ఐరోపాలో 1607లో బాసెల్ నగరంలో అచ్చయిన ఫాబ్రిసియస్ హిల్డానస్ గ్రంథం కాలిన గాయాలకే పూర్తిగా కేటాయించిన తొలి పుస్తకాలలో ఒకటి. ముడుచుకుపోయిన చేతిని నెమ్మదిగా సాగదీయడానికి బద్దలతో, దారాలతో అమర్చిన సాధనాన్ని ఆయన అందులో వర్ణించాడు. కత్తి ఎంత అవసరమో కట్టు కూడా అంతే అవసరమని తొలినాళ్లలోనే ఒక వైద్యుడు గ్రహించాడనడానికి అది సాక్ష్యం. ఆ గ్రహింపును తరువాతి తరాలు నిలుపుకోలేకపోవడం ఈ చరిత్రలో విచారకరమైన విషయం.

పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాలలో శస్త్రవైద్యులు సాధారణంగా చేసింది ఒక్కటే: బిగిసిన మచ్చను అడ్డంగా కోసి, కీలును చాపి, కట్టు కట్టడం. కోసిన వెంటనే మెడ లేచేది, చేయి చాచుకునేది. కాని కోతతో ఏర్పడిన ఖాళీలో కొత్త చర్మమేదీ చేరలేదు కాబట్టి, అక్కడ మళ్లీ మచ్చే పుట్టి, కొన్ని నెలలలో రోగిని పాత స్థితికే లాక్కొచ్చేది. బిగుతైన రవికెను వదులు చేయాలంటే కుట్టు విప్పితే చాలదు, అదనపు గుడ్డ వేయాలి; ఆ గుడ్డ ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

సమాధానానికి దారి భారతదేశం నుంచి వెళ్లింది. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కి ముక్కు కోల్పోయిన కవాస్‌జీ అనే బండి తోలేవాడికి పూనా వద్ద నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చిన వైనం 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మేగజీన్‌లో బొమ్మతో సహా వెలువడింది. దాన్ని చదివిన శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ అదే పద్ధతిని అనుసరించి, ఫలితాలను 1816లో పుస్తకంగా ప్రకటించాడు. ఒక అంచును శరీరానికి అంటి ఉంచి, దాని గుండా రక్తం అందేలా చూస్తూ తక్కిన చర్మాన్ని పక్కకు తిప్పి అమర్చే ఈ విధానాన్ని ఇప్పుడు ఫ్లాప్ అంటారు. ముక్కుల కోసం పుట్టిన ఆ విద్యను కాలిన మెడకు అన్వయించినవారిలో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల ఆచార్యుడు థామస్ డెంట్ మ్యూటర్ ముఖ్యుడు.

మ్యూటర్ 1842లో ప్రకటించిన వ్యాసంలో ప్రధానమైన రోగి ఇరవై ఎనిమిదేళ్ల యువతి. అయిదో ఏట ఒంటిమీది బట్టలు అంటుకుని కాలిపోయిన ఆమె ఇరవై మూడేళ్లపాటు తల ఎత్తలేక, నోరు కొద్ది క్షణాలకు మించి మూసి ఉంచలేక బతికింది. ఈథర్‌తో మత్తు ఇవ్వవచ్చునని లోకానికి తెలిసింది 1846లో. కాబట్టి ఈ శస్త్రచికిత్స అంతా ఆమె మెలకువగా ఉండగానే జరిగింది. మ్యూటర్ మెడ మీది మచ్చను అడ్డంగా, రెండు వైపులా ఆరోగ్యకరమైన చర్మం దాకా కోసి, తలను వెనక్కి వాల్చి, తెరుచుకున్న పెద్ద ఖాళీలోకి భుజం మీది చర్మాన్ని మెడవైపు అంచు అంటి ఉండగానే తిప్పి కుట్టాడు. వైద్య చరిత్రకారులు దీన్ని మ్యూటర్ ఫ్లాప్ అనే పేరుతో గుర్తుపెట్టుకున్నారు. కాని పేరు కంటె గొప్పది అందులోని నిర్ణయం. మచ్చను కోయడం చికిత్సలో సగమేనని, కోసిన చోట మచ్చకాని చర్మం, అది కూడా సొంత రక్త ప్రసరణ ఉన్న చర్మం చేరితేనే విడుదల నిలుస్తుందని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఇరవై మూడేళ్లుగా నయం కాదనుకున్న వైకల్యాన్ని శస్త్రసాధ్యమని నిరూపించడం, మత్తు లేని ఆ కాలంలో, వైద్యుడి ధైర్యానికి ఎంత పరీక్షో రోగి ధైర్యానికి అంతకుమించిన పరీక్ష.

మచ్చ వెడల్పుగా కాక సన్నని తాడులా బిగిసిన చోట ఇంత పెద్ద ఫ్లాప్ అక్కరలేదు. హాంబర్గ్‌లో ఫ్రికె 1829లోను, ఫిలడెల్ఫియాలో హార్నర్ 1837లోను కనురెప్పల మీద చేసిన ప్రయత్నాలు, పారిస్‌లో డెనోన్‌వియే 1850లలో చేసిన శస్త్రచికిత్సలు కలిసి క్రమంగా అలాంటి చోటికి తగిన ఒక పద్ధతిగా రూపుదిద్దుకున్నాయి. 1913లో మెకర్డీ అనే అమెరికన్ వైద్యుడు దానికి జడ్-ప్లాస్టీ అన్న పేరు స్థిరపరిచాడు. మచ్చ తాడు వెంబడి ఒక కోత, దాని రెండు కొనల నుంచి ఎదురెదురు దిశలలో ఏటవాలుగా మరో రెండు కోతలు పెడితే ఇంగ్లీషు అక్షరం జడ్ ఆకారం వస్తుంది. దానితో ఏర్పడిన రెండు త్రికోణాల చర్మాన్ని లేపి ఒకదాని స్థానంలో మరొకటి కుట్టినప్పుడు, పక్కల ఉన్న వదులు చర్మం తాడు దిశలోకి చేరి పొడవు పెరుగుతుంది. కోణం అరవై డిగ్రీలైతే లెక్క ప్రకారం మధ్య గీత పొడవు 75 శాతం పెరగాలి. ముప్ఫై డిగ్రీలైతే 25 శాతమే. అసలు చర్మంలో ఈ లెక్క పూర్తిగా నిలవదు. పైగా పక్కన వదులైన మంచి చర్మం ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. విశాలంగా కాలి, చుట్టూ మచ్చే ఉన్న మెడలో త్రికోణాలను మార్చినా ఒరిగేది తక్కువ.

అలాంటి విశాలమైన మచ్చలకు చర్మాన్ని పూర్తిగా వేరు చేసి మరో చోట అతికించే పద్ధతి, అంటే గ్రాఫ్ట్, అవసరమైంది. పారిస్‌లో పనిచేస్తున్న స్విస్ యువ వైద్యుడు రెవెర్డాన్ 1869లో గింజంత చర్మపు తునకలను మానని గాయం మీద అతికించి, అవి బతికి అల్లుకోవడం చూపాడు. ఇలా వేరు చేసిన చర్మం మొదటి రెండు రోజులు కింది గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని నిలుస్తుంది, ఆ తరువాత సన్నని రక్తనాళాలు దానిలోకి చేరతాయి. ఈలోగా అది కదిలినా, దాని కింద రక్తం గడ్డకట్టినా చనిపోతుంది. రెవెర్డాన్ తునకలు గాయాన్ని మూశాయి గాని, వాటి మధ్యలో మచ్చ పుట్టి లాగుడును కొనసాగించింది. లియోన్‌లో ఓలియే, లైప్‌జిగ్‌లో టీర్ష్ పెద్ద, పలుచని పొరలను వాడారు. గ్లాస్గో నేత్రవైద్యుడు వుల్ఫ్ 1875లో ఇందుకు పూర్తి విరుద్ధమైన దారి పట్టి, ముంజేతి చర్మాన్ని కొవ్వు మాత్రమే తీసేసి మందమంతా కింది రెప్ప మీద అతికించాడు.

ఈ రెండు దారుల మధ్య వ్యత్యాసం కాలిన మచ్చ శస్త్రచికిత్సకు ఆయువుపట్టు. పలుచని గ్రాఫ్ట్ సులువుగా బతుకుతుంది, తీసిన చోట కూడా త్వరగా మానుతుంది, కాని అతికించిన తరువాత బాగా ముడుచుకుంటుంది. మందమైన గ్రాఫ్ట్ తక్కువగా ముడుచుకుంటుంది, రంగు కూడా బాగా కలుస్తుంది, కాని బతకడం కష్టం. తీసిన చోటును కుట్టి మూయాల్సి ఉంటుంది కాబట్టి కొద్దిగానే దొరుకుతుంది. కనురెప్పకు, వేలికి మందమైనది సరిపోతుంది; మెడంతటికీ, చంకంతటికీ అది చాలదు. సెయింట్ లూయిస్‌లో బ్లెయిర్, బ్రౌన్‌లు 1929లో మధ్యస్థ మందం గల పెద్ద పొరలను తీయడం సాధ్యమని, వాటి ముడుచుకుపోవడం తక్కువని వివరించారు. కాని చేతికత్తితో ఒకే మందంలో పొర తీయడం ఎంతో అనుభవమున్నవారికే చేతనయ్యేది. ఆ లోటును 1939లో కాన్సస్‌కు చెందిన ఎర్ల్ పాడ్జెట్, ఇంజనీరింగ్ ఆచార్యుడు జార్జ్ హుడ్‌తో కలిసి రూపొందించిన డెర్మటోమ్ తీర్చింది. చర్మం మీద, లోహపు డోలు మీద జిగురు పూసి, డోలును దొర్లిస్తూ కావలసిన మందానికి సరిచేసిన బ్లేడును దాని వెంట ఆడిస్తే, సమానమైన పొర పెద్ద రేకులా ఊడివస్తుంది. ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర రాసేవారు యుద్ధవీరుల ముఖాలకే ఎక్కువ పుటలు కేటాయిస్తారు. అయితే పల్లెల నుంచి వచ్చిన లెక్కలేనంతమంది పిల్లల చేతులను, మెడలను విడిపించడంలో ఈ డెర్మటోముకు, దాని వెనుక వచ్చిన సాదా గ్రాఫ్ట్ కత్తులకు ఉన్న వాటా మరే గొప్ప ఆవిష్కరణకూ తీసిపోదు.

యుద్ధాల పాత్రను తక్కువ చేయడానికి వీలులేదు. 1916 మే 31న జుట్లండ్ నౌకాయుద్ధంలో మలయా అనే బ్రిటిష్ యుద్ధనౌకపై మందుగుండు మంటల్లో నావికుడు విలియం వికరేజ్ ముఖం, మెడ కాలిపోయాయి. మచ్చలు బిగిసి కనురెప్పలు, కింది పెదవి బయటికి తిరగబడ్డాయి. సిడ్‌కప్ ఆసుపత్రిలో 1917 అక్టోబరులో శస్త్రవైద్యుడు హెరాల్డ్ గిలీస్ అతని రొమ్ము చర్మాన్ని ముఖానికి తిప్పుతూ, ఫ్లాప్ కాడ అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకోవడం గమనించి, వాటిని గొట్టంలా కలిపి కుట్టాడు. రక్తం అందించే కాడ గొట్టమైతే పచ్చి భాగం బయటికి కనబడదు, చీము పట్టే భయం తగ్గుతుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది ప్రాణావసరమైన మెరుగుదల. ఒడెస్సాలో ఫిలాతొవ్ అంతకు ముందు సంవత్సరమే ఇదే పని చేశాడని గిలీస్‌కు తెలియదు. ఈ గొట్టపు ఫ్లాపును అంచెలంచెలుగా, పొట్ట నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మెడకు తరలిస్తూ నెలల తరబడి చికిత్స సాగించేవారు. సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలను కలిపి కుట్టే ఫ్రీ ఫ్లాప్ 1970లలో వచ్చేదాకా ఇదే పెద్ద ఆధారంగా నిలిచింది.

రెండో ప్రపంచ యుద్ధం మరో పాఠం నేర్పింది, అది చికిత్సే చేసిన కీడు గురించినది. డెట్రాయిట్‌లో డేవిడ్సన్ 1925లో ప్రవేశపెట్టిన టానిక్ ఆమ్లం కాలిన చోట తోలువంటి గట్టి పెచ్చు కట్టేలా చేసి, ఒంట్లోని ద్రవం కారిపోకుండా ఆపేది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కాని బ్రిటిష్ యుద్ధవిమాన చోదకుల చేతులకు, ముఖాలకు దాన్ని పూసినప్పుడు పెచ్చు కింద చీము పట్టి, వేళ్లు గట్టిగా బిగుసుకుపోయి, రెప్పలు మూతపడక కళ్లకే ముప్పు వచ్చింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో గిలీస్ బంధువు ఆర్చిబాల్డ్ మెకిండో ఆ పూతను మాన్పించి, ఉప్పునీటి స్నానాలతో గాయాన్ని మెత్తగా ఉంచుతూ, త్వరగా గ్రాఫ్ట్ వేసి, వేళ్లను కదిలించడం మొదలుపెట్టాడు. అక్కడ చికిత్స పొందినవారు 1941లో స్థాపించుకున్న గినీపిగ్ క్లబ్బులో యుద్ధం ముగిసేనాటికి 649 మంది సభ్యులున్నారు. పదే పదే శస్త్రచికిత్సలు చేయించుకోవలసిన వారిని మెకిండో ఆసుపత్రి గోడల మధ్య దాచకుండా ఊళ్లోకి పంపి, ఊరిని వారికి అలవాటు చేశాడు. మచ్చ విప్పడంతో పాటు మనిషిని సమాజంలో నిలబెట్టడం కూడా చికిత్సేనన్న దృష్టి అక్కడ బలపడింది.

భారతదేశంలో ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక విభాగం 1958లో నాగపూర్ వైద్య కళాశాలలో సి. బాలకృష్ణన్ నేతృత్వంలో ఏర్పడింది. ఈ దేశపు శస్త్రవైద్యుల ముందుకు వచ్చిన బిగింపులు విమానాలలో కాలినవి కావు, వంటింట్లో కాలినవి. కిరోసిన్ స్టౌ పక్కన కొంగుకు అంటుకున్న మంట పైకి ఎగబాకి రొమ్మును, మెడను, గడ్డాన్ని, చంకలను కాలుస్తుంది కాబట్టి, గడ్డం రొమ్ముకు అతుక్కున్న స్త్రీలు ఇక్కడి వార్డులలో మళ్లీ మళ్లీ కనిపించేవారు. గంజి వార్చేటప్పుడు ఒలికిన అన్నం కుండ, చలిమంట, దీపావళి చిచ్చుబుడ్లు పిల్లలను తెచ్చేవి. ప్రమాదం పేరుతో నమోదైన కాలిన గాయాలలో వరకట్న హింస దాగి ఉండేదన్న గుర్తింపు 1983లో, 1986లో శిక్షాస్మృతిలో చేరిన సెక్షన్ల రూపంలో చట్టానికెక్కింది. బతికి బయటపడిన స్త్రీల బిగిసిన మెడల గురించి ఆ చర్చలో మాట్లాడినవారు చాలా తక్కువ.

మెడ బిగింపు శస్త్రవైద్యుడికంటె ముందు మత్తు వైద్యుడిని పరీక్షిస్తుంది. మత్తు ఇచ్చాక శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే తల వెనక్కి వాల్చాలి, నోరు తెరవాలి. గడ్డం రొమ్ముకు అతుక్కున్న రోగిలో ఈ రెండూ కుదరవు, మత్తు ఇచ్చాక గొట్టం పడకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకే ముందు స్థానికంగా మొద్దుబార్చే మందు ఇచ్చి గాని, శ్వాసను ఆపని కెటమిన్‌తో గాని మచ్చను కాస్త కోసి మెడ వదులు చేసి, ఆ పైన గొట్టం వేసే పద్ధతి పుట్టింది. 1967లో మర్ఫీ తొలిసారి వాడి చూపిన వంగే దర్శిని గొట్టం ఈ ప్రమాదాన్ని బాగా తగ్గించింది గాని, అది అన్ని ఆసుపత్రులకూ చేరడానికి చాలా కాలం పట్టింది.

ఇంత జాగ్రత్తగా విప్పిన మెడ మళ్లీ ఎందుకు బిగుస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఆపరేషన్ గది బయట దొరికింది. హ్యూస్టన్ వైద్యుడు థామస్ క్రోనిన్ 1961లో, మెడకు గ్రాఫ్ట్ వేసిన తరువాత అచ్చుగా పోసిన పట్టీని నెలల తరబడి తొడిగించి ఉంచితే బిగింపు తిరిగి రాదని చూపాడు. గాల్వెస్టన్‌లో లార్సన్ బృందం 1971లో బద్దలకు తోడు మచ్చను ఎడతెగకుండా నొక్కి ఉంచే బిగుతు దుస్తులను వాడడం గురించి ప్రకటించింది. హిల్డానస్ దారాలు, బద్దలు మూడున్నర శతాబ్దాల తరువాత కొత్త పదార్థాలతో తమ స్థానం తిరిగి పొందాయి. గ్రాఫ్టును కాదని ఫ్లాపును మెచ్చుకునే వాదన ఒకటి శస్త్రవైద్యులలో ఎప్పుడూ ఉంది. ఫ్లాప్ ముడుచుకోదన్నది నిజమే. అయితే చుట్టూ కాలిన శరీరంలో ఫ్లాపుకు చర్మం దొరకని రోగికి, ఆరు నెలలు విడవకుండా పట్టీ వేసుకున్న సాదా గ్రాఫ్ట్ ఇచ్చే మెడ తక్కువదేమీ కాదు. అదే రోగి ఎండాకాలం చెమటకు, ఉక్కకు తాళలేక పట్టీ తీసి పక్కన పెడితే, ఎంత నేర్పుగల కత్తి పని కూడా నిలవదు.

బిగింపును రాకముందే ఆపే దారిని స్లోవేనియాలోని మారిబోర్‌లో శస్త్రవైద్యురాలు జోరా యాన్జెకోవిచ్ చూపింది. కాలిన చర్మం వారాల తరబడి కుళ్లి ఊడేదాకా ఆగకుండా, మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోయిన పొరలను పలుచగా చెక్కేస్తూ రక్తం చిమ్మే సజీవ పొర దాకా వెళ్లి, వెంటనే గ్రాఫ్ట్ వేయాలని ఆమె 1970లో ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతటా కాలిన గాయాల చికిత్సను మార్చింది. దీనికి రక్తం నిల్వలు, శుభ్రమైన థియేటరు, శిక్షణ పొందిన బృందం కావాలి. ఇవి లేని చోట గాయం మచ్చగా మానడం, ఏళ్ల తరువాత రోగి బిగిసిన చేతితో పెద్దాసుపత్రికి రావడం కొనసాగింది. హైదరాబాద్ ఉస్మానియా, విశాఖపట్నం కింగ్ జార్జ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఈ ఆలస్యపు భారాన్ని మోశాయి.

తెలుగు ప్రాంతాలలో రెండు ప్రభుత్వ నిర్ణయాలు ఈ చరిత్రను తాకాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన దీపం పథకం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చి, కట్టెపొయ్యి, కిరోసిన్ స్టౌలకు ప్రత్యామ్నాయం చూపింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తన చికిత్సల జాబితాలో కాలిన గాయాలతో పాటు, కాలిన తరువాతి బిగింపులను విప్పే శస్త్రచికిత్సలను కూడా చేర్చింది. అందవికారంగా మాత్రమే చూడబడుతూ వచ్చిన స్థితిని పనిచేయలేని వైకల్యంగా గుర్తించి, దానికి ప్రభుత్వం ఖర్చు భరించడం చిన్న మార్పు కాదు. 2018లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం ఇదే శస్త్రచికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీలో బద్దలు, బిగుతు దుస్తులు, మచ్చను మెత్తబరిచే సిలికాన్ షీట్లు, ఫిజియోథెరపీ కూడా కలిసే ఉండాలని పేర్కొని, మెడ బిగింపును తక్కిన భాగాల నుంచి విడదీసి చూపింది.